పాత షెవీ పికప్‌లో క్యామ్‌షాఫ్ట్ మార్చడం: ఎంపిక దగ్గర్నుంచి మొదటి ఇరవై నిమిషాల దాకా

మీ దగ్గర 1973-87 మధ్య తయారైన షెవర్లే సి10 ఉండి, బానెట్ కింద 350 స్మాల్ బ్లాక్, అంటే 5.7 లీటర్ల వీ8, ఉంటే ఇది మీకోసమే. టెక్సాస్ లాంటి చోట్ల ఈ బండ్లు ఇప్పటికీ రోజూ రోడ్డు మీద కనిపిస్తాయి, పార్టులు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, ఇంజన్ చుట్టూ చేతులు పెట్టడానికి కావలసినంత చోటు ఉంటుంది. కాబట్టి క్యామ్, అంటే వాల్వులను తెరిచి మూసే ఇరుసు, మార్చడం గ్యారేజీలో సొంతంగా చేసుకోగలిగిన పనే. పాడయ్యేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, కేటలాగ్ ముందు కూర్చుని అవసరానికి మించిన పెద్ద క్యామ్ ఎంచుకున్నప్పుడు. రెండోది, అంతా బిగించి మొదటిసారి తాళం తిప్పాక వచ్చే ఇరవై నిమిషాల్లో. మధ్యలో ఉన్న విప్పడం, బిగించడం ఓపికతో అయిపోయే పనులు. అందుకే ఆ రెండింటి మీదే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఇంజన్ ఎలా ఉందో చూడండి

క్యామ్ ఆర్డర్ చేసేముందు కంప్రెషన్ టెస్ట్ చేయండి. ఎనిమిది ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కనెక్షన్ ఊడదీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి స్టార్టర్ మీద నాలుగైదు చుట్లు తిప్పండి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే ఎనిమిదీ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే అది రింగుల సంగతో వాల్వుల సంగతో అయి ఉంటుంది, కొత్త క్యామ్ దాన్ని బాగుచేయదు. ఆయిల్ ప్రెజర్ కూడా చూసుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాక ప్రతి వెయ్యి ఆర్పీఎంకి పది పీఎస్ఐ చొప్పున ఉంటే చాలన్నది పాత మెకానిక్కుల లెక్క, అది ఇప్పటికీ పనికొస్తుంది.

కార్బ్యురేటర్‌లోంచి టప్ టప్‌మని వెనక్కి పేలుతూ ఉంటే వాల్వ్ కవర్లు తీసి ఇంజన్ ఐడిల్‌లో పెట్టి రాకర్లను, అంటే ఊగుతూ వాల్వులను నొక్కే చిన్న మీటలను, గమనించండి. ఒక రాకర్ మిగతావాటికంటే తక్కువ ఊగుతోందంటే దాన్ని లేపే లోబ్, అంటే క్యామ్ మీది గుడ్డు ఆకారపు ఉబ్బు, అరిగిపోయినట్టే. ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే కాలిన గ్యాస్ బయటికి పోలేక, ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకోగానే అటువైపు తంతుంది, ఆ శబ్దమే మీకు కార్బ్యురేటర్‌లో వినిపించేది. ఇలా అరిగిన ఇంజన్ అయితే ఇంకో పని పడుతుంది. ఆ లోబ్ నుంచి రాలిన ఇనప రజను అంతా ఆయిల్‌లోకే పోయి ఉంటుంది కాబట్టి ఆయిల్ పాన్ దించి, కడిగి, పంపు చూసుకోకుండా కొత్త క్యామ్ పెట్టడం డబ్బు దండగ.

క్యామ్ ఎంచుకోవడం

క్యామ్ కార్డు మీద బోలెడు అంకెలుంటాయి, మీకు కావలసినవి మూడే: 0.050 అంగుళాల దగ్గర కొలిచిన డ్యూరేషన్ (లోబ్ మీద ఆని ఉండే లిఫ్టర్ అంత ఎత్తు లేచినప్పటినుంచి మళ్లీ అంతకి దిగేదాకా క్రాంక్‌షాఫ్ట్ తిరిగే డిగ్రీలు), వాల్వ్ లిఫ్ట్ (వాల్వ్ ఎంత తెరుచుకుంటుందో), లోబ్ సెపరేషన్ యాంగిల్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మొనల మధ్య కోణం). పెద్ద అక్షరాలతో వేసే అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్‌ని పక్కన పెట్టండి, ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో చోటు నుంచి కొలుస్తుంది, రెండు క్యాములను పోల్చడానికి అది పనికిరాదు.

పాత 350ల్లో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన క్యామ్‌ని పార్ట్ నంబర్ చివరి అంకెలతో 929 అంటారు. 0.050 దగ్గర ఇన్‌టేక్‌కి 195 డిగ్రీలు, ఎగ్జాస్ట్‌కి 202, లిఫ్ట్ 0.390, 0.410 అంగుళాలు. చాలా మెత్తని క్యామ్. దీనికి ఒక మెట్టు పైన ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ 2102 ఉంటుంది: 204, 214 డిగ్రీలు, లిఫ్ట్ 0.420, 0.442, లోబ్ సెపరేషన్ 112. ఇంకో మెట్టు పైన కాంప్ క్యామ్స్ వాళ్ల ఎక్స్ఈ256హెచ్: 212, 218 డిగ్రీలు, లిఫ్ట్ 0.447, 0.454, సెపరేషన్ 110. ఆ పైన ఎక్స్ఈ262హెచ్: 218, 224, లిఫ్ట్ 0.462, 0.469. ఆ తర్వాతది ఎక్స్ఈ268హెచ్: 224, 230. అందరి కన్నూ పడేది దీని మీదే, ఎందుకంటే ఐడిల్‌లో ఆ గుడగుడ శబ్దం వినడానికి బాగుంటుంది.

పికప్‌కి 268 వద్దని గట్టిగా చెబుతాను. కారణం ఇదీ. డ్యూరేషన్ పెరిగేకొద్దీ ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ అప్పటికే పైకి వస్తూ ఉంటుంది కాబట్టి తక్కువ ఆర్పీఎంలో లోపలికి వచ్చిన గాలీ పెట్రోలూ కొంత వెనక్కి మానిఫోల్డ్‌లోకి పోతాయి, అంటే ఇంజన్‌కి నిజంగా అందే కంప్రెషన్ తగ్గుతుంది. 1970ల చివర్లో పొగ నిబంధనల కోసం తయారైన 350ల కంప్రెషన్ అసలే 8.5ని దాటదు. దాంట్లోంచి ఇంకొంత పోతే సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి కదలనంటుంది, 3000 దాటాక ఏదో లేచినట్టు ఉంటుంది, కానీ పికప్‌ని మీరు రోజంతా నడిపేది 1500-3000 మధ్యలోనే కదా. పైగా ఈ బండ్లలో చాలావాటికి వెనక యాక్సిల్ గేర్ 3.08 లేదా 2.73 ఉంటుంది, ఆటోమేటిక్ అయితే స్టాక్ టార్క్ కన్వర్టర్ ఉంటుంది, ఈ రెండూ పెద్ద క్యామ్‌కి శత్రువులే. బ్రేకుల సంగతి కూడా ఉంది. పవర్ బ్రేకులు ఇంజన్ వాక్యూమ్ మీద పనిచేస్తాయి, టీహెచ్350 గేర్‌బాక్స్ మాడ్యులేటర్ కూడా దాని మీదే. పెద్ద క్యామ్ ఐడిల్‌లో వాక్యూమ్‌ని తినేస్తే పెడల్ రాయిలా గట్టిపడుతుంది, గేర్లు మారడం గందరగోళమవుతుంది.

ట్రెయిలర్ లాగేవాళ్లు, బరువులు మోసేవాళ్లు 2102 తీసుకోండి. మామూలుగా తిరగడానికి, కాస్త చురుకు కావాలంటే 256. హెడర్లు (సిలిండర్‌కో గొట్టం ఉండే ఎగ్జాస్ట్), నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్‌తో మంచి అల్యూమినియం ఇన్‌టేక్, 3.42 లేదా 3.73 గేరు ఉంటే 262 దాకా వెళ్లొచ్చు. రెండింటి మధ్య తేల్చుకోలేకపోతుంటే చిన్నదే తీసుకోండి.

స్టాక్ హెడ్ల మీద ఉన్న పాత స్ప్రింగులను నమ్మకండి. 0.450 అంగుళాల లిఫ్ట్ చుట్టుపక్కలకి వచ్చేసరికి స్ప్రింగ్ రిటైనర్ కింది భాగం వాల్వ్ గైడ్ మీది సీలుకి తగిలే ప్రమాదం ఉంది. కొత్త స్ప్రింగులు క్యామ్ కంపెనీ ఏ నంబర్ చెబితే అదే కొనండి, వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు రిటైనర్‌కీ సీలుకీ మధ్య కనీసం 0.060 అంగుళాలు ఖాళీ ఉందో లేదో కొలవండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. అక్కడ 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, తప్పదు, క్యామ్‌కి ఆ రాష్ట్ర ఎయిర్ బోర్డు అనుమతి నంబర్ ఉండాలి. ఆర్డర్ చేసే ముందే చూసుకోండి. టెక్సాస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి ఆ పరీక్ష లేదు.

ఇక లిఫ్టర్ల అడుగున చిన్న చక్రాలుండే రోలర్ క్యామ్ పెట్టుకుంటే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. డబ్బు ఉంటే తప్పకుండా పెట్టుకోండి. కింద మొదటి ఇరవై నిమిషాల గురించి నేను రాయబోయే టెన్షన్ అంతా దానితో పోతుంది. కానీ 1986 లోపు బ్లాకుకి జతల్ని లింకుతో కలిపిన ప్రత్యేకమైన లిఫ్టర్లు, క్యామ్ ముందుకు జరగకుండా థ్రస్ట్ బటన్, పొట్టి పుష్‌రాడ్లు (లిఫ్టర్ కదలికని రాకర్‌కి అందించే కడ్డీలు), అన్నీ కావాలి, ఖర్చు మామూలు క్యామ్ కిట్‌కి కొన్ని రెట్లు అవుతుంది. ఇక్కడ నేను చెప్పేది బండితో వచ్చిన రకం, అంటే చక్రాలు లేని లిఫ్టర్లతో నడిచే ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ గురించే.

తెచ్చుకోవలసినవి

క్యామ్, దానితోపాటే అదే కంపెనీ కొత్త లిఫ్టర్లు పదహారు. పాత లిఫ్టర్లు కొత్త క్యామ్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. లిఫ్టర్ అడుగు చూడ్డానికి చదునుగా ఉంటుంది కానీ నిజానికి వెంట్రుకంత ఉబ్బుగా ఉంటుంది, లోబ్ కూడా ఒక పక్కకి కొద్దిగా వాలుగా చెక్కి ఉంటుంది. ఆ రెండూ కలవడం వల్లే లిఫ్టర్ తన గుంటలో గుండ్రంగా తిరుగుతూ, అరుగుదల ఒకేచోట పడకుండా నడుస్తుంది. పాత లిఫ్టర్ అడుగు ఆ ఉబ్బు పోయి చదునుగానో గుంటగానో అయిపోయి ఉంటుంది, అది తిరగదు, తిరగని లిఫ్టర్ కొత్త లోబ్‌ని నిమిషాల్లో కొరికేస్తుంది. కొత్తవి వచ్చాక కూడా పరీక్షించండి. రెండు లిఫ్టర్ల అడుగులు ఒకదానికొకటి ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల దగ్గర సన్నని వెలుగు గీత కనిపించాలి, వేలితో నొక్కితే కొద్దిగా ఊగాలి. ఊగకుండా అతుక్కున్నట్టు కూర్చుంటే ఆ జత వెనక్కి పంపించేయండి, మొహమాటపడకండి.

వీటితోపాటు డబుల్ రోలర్ టైమింగ్ సెట్, ఇన్‌టేక్, టైమింగ్ కవర్, వాటర్ పంప్, వాల్వ్ కవర్ గాస్కెట్లు, ఆర్టీవీ సిలికాన్, థ్రెడ్‌లాకర్, కొత్త కూలెంట్, రెండు ఆయిల్ ఫిల్టర్లు, బ్రేక్-ఇన్ ఆయిల్, ఆయిల్ పంప్ ప్రైమింగ్ టూల్. క్రాంక్ ముందు చివర అదురు తగ్గించే హార్మానిక్ బ్యాలెన్సర్ ఊడదీసే పుల్లర్, తిరిగి ఎక్కించే ఇన్‌స్టాలర్ కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. పుల్లర్ మాత్రం మూడు బోల్టులతో మధ్యలో పట్టేదే తీసుకోండి. అంచులు పట్టి లాగే దవడల రకం వాడితే బ్యాలెన్సర్‌లోని రబ్బరు రింగు చీలిపోతుంది.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కూలెంట్ దింపండి, ఆయిల్ కూడా దింపండి. ఫ్యాన్, ష్రౌడ్, రేడియేటర్ బయటికి. క్యామ్ పొడుగ్గా ఉండి ముందుకు తిన్నగా రావాలి కాబట్టి గ్రిల్ కూడా తీయాల్సి వస్తుంది, ఏసీ ఉంటే కండెన్సర్ అడ్డొస్తుంది. గొట్టాలు విప్పకుండా పక్కకి జరపగలిగితే సరే, విప్పక తప్పకపోతే ముందే షాపుకి తీసుకెళ్లి గ్యాస్ తీయించుకోండి, గాలిలోకి వదలడం చట్టరీత్యా నేరం.

విప్పే ప్రతి వైరునీ, గొట్టాన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, టేపు ముక్క మీద పేరు రాసి అంటించండి. పాత క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్ చుట్టూ వాక్యూమ్ గొట్టాలు అడవిలా ఉంటాయి, వారం తర్వాత ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు ఒకటో నంబర్ సిలిండర్‌ని టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైన ఉండే స్థానానికి, తీసుకురండి. డ్రైవర్ వైపు ముందున్నదే ఒకటి, అటువైపు 1-3-5-7, ప్యాసింజర్ వైపు 2-4-6-8. ఒకటో ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి క్రాంక్‌ని పానాతో నెమ్మదిగా తిప్పండి, వేలిని గాలి తోసినప్పుడు ఆపకుండా బ్యాలెన్సర్ మీది గీత టైమింగ్ ట్యాబ్ మీది సున్నాకి వచ్చేదాకా తిప్పండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్ ఎటు చూపిస్తోందో ఫైర్‌వాల్ మీద గీత గీయండి. డిస్ట్రిబ్యూటర్‌ని పైకి లాగుతున్నప్పుడు గేరు పళ్లు ఏటవాలుగా ఉండటంవల్ల రోటర్ కొంచెం తిరుగుతుంది, పూర్తిగా బయటికి వచ్చాక అది ఎటు ఆగిందో అక్కడ రెండో గీత గీయండి. తిరిగి పెట్టేటప్పుడు రెండో గీత దగ్గర మొదలుపెడితే మొదటి గీత దగ్గర కూర్చుంటుంది.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ బోల్టులు తీశాక అది ఊడిరాదు, పాత సిలికాన్ పట్టుకుని ఉంటుంది. చెక్కలు పెట్టి మూలలు కొంచెం కొంచెం లేపండి, స్క్రూడ్రైవర్ గాస్కెట్ ముఖాల్లోకి దోపకండి. మానిఫోల్డ్ లేచేటప్పుడు కూలెంట్ ఎలాగూ లోపలికి కారుతుంది, అందుకే ఈ దశలో ఉన్న ఆయిల్‌ని మళ్లీ వాడకూడదు.

రాకర్లు, పుష్‌రాడ్లు తీసి, ఒక అట్టపెట్టెకి పదహారు రంధ్రాలు చేసి, ఏ స్థానానిది ఆ స్థానంలోనే గుచ్చి ఉంచండి. ఒక్కో పుష్‌రాడ్‌ని అద్దం మీద దొర్లించి చూడండి, వంకర ఉన్నవి పారేయండి. లిఫ్టర్లు వార్నిష్ పట్టి బిగుసుకుపోతే క్లీనర్ కొట్టి, కాసేపు ఆగి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి.

తర్వాత వాటర్ పంప్, క్రాంక్ పుల్లీ, బ్యాలెన్సర్, టైమింగ్ కవర్. కవర్ అడుగు ఆయిల్ పాన్ ముందు సీలు మీద కూర్చుని ఉంటుంది, పాన్ ముందు బోల్టులు అటు రెండు ఇటు రెండు వదులు చేస్తే వస్తుంది. కవర్ తీయగానే పాత టైమింగ్ గేరును చూడండి. ఈ ఇంజన్లలో చాలావాటికి అల్యూమినియం గేరు మీద నైలాన్ పళ్లు పోసి ఉండేవి, శబ్దం రాకుండా. నలభై ఏళ్ల వేడికి ఆ నైలాన్ గోధుమరంగుకి తిరిగి పెళుసుబారి ముక్కలుగా రాలుతుంది. ఒక్క పన్ను తక్కువ కనిపించినా అది ఆయిల్ పంప్ జల్లెడ దగ్గర ఉంటుంది, పాన్ దించాల్సిందే.

ఫ్యూయల్ పంప్‌నీ దాని వెనక ఉన్న పొట్టి పుష్‌రాడ్‌నీ మర్చిపోవద్దు. ఆ రాడ్ క్యామ్ మీదే ఆని ఉంటుంది, తీయకుండా క్యామ్ లాగితే అడ్డుపడుతుంది.

పాత క్యామ్ బయటికి, కొత్తది లోపలికి

క్యామ్ ముందువైపు గేరు తీశాక, ఆ రంధ్రాల్లో పొడుగాటి 5/16-18 బోల్టులు బిగించి పిడిలా పట్టుకోండి. ఒక చేయి ముందునుంచి, రెండో చేయి పైన, రెండు సిలిండర్ వరసల మధ్య ఉండే వ్యాలీ ఖాళీలోంచి. లోబ్ అంచులు చాలా పదునుగా ఉంటాయి, క్యామ్ ఆనుకుని ఉన్న ఐదు బేరింగులు మెత్తని లోహం, ఒక్క గీత పడితే ఆయిల్ ప్రెజర్ అక్కడే కారిపోతుంది. లాగేటప్పుడు కొంచెం తిప్పుతూ, బరువంతా చేతుల మీద మోస్తూ రండి. బయటికి వచ్చాక పాత లోబ్‌ల మొనల మీద బొటనవేలు నడిపి చూడండి, బాగున్న లోబ్ గాజులా జారుతుంది, అరుగుదల మొదలైనదాని మీద గోరుకి గీతలు తగులుతాయి.

కొత్త క్యామ్‌ని క్లీనర్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ప్రతి లోబ్ మీదా కంపెనీ ఇచ్చిన మాలీ పేస్టు దట్టంగా పట్టించండి. బేరింగుల్లో తిరిగే గుండ్రని భాగాలకి మాత్రం మామూలు ఇంజన్ ఆయిల్ చాలు. డిస్ట్రిబ్యూటర్ గేరుకి పేస్టు రాయండి. లిఫ్టర్ అడుగుకి పేస్టు, పక్కలకి ఆయిల్. పక్కలకి పేస్టు రాస్తే గుంటలో తిరగడం కష్టమవుతుంది.

టైమింగ్ సెట్ బిగించేటప్పుడు క్రాంక్ గేరు మీది చుక్క పైకి, క్యామ్ గేరు మీది చుక్క కిందికి, రెండూ ఎదురెదురుగా రావాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే. చుక్కలు ఇలా ఎదురెదురుగా ఉన్నప్పుడు పేలడానికి సిద్ధంగా ఉన్నది ఆరో సిలిండర్, ఒకటి కాదు. క్రాంక్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పితే క్యామ్ చుక్క పైకి వస్తుంది, అప్పుడే ఒకటో సిలిండర్ వంతు. డిస్ట్రిబ్యూటర్ పెట్టేది ఆ స్థితిలో. క్యామ్ బోల్టులకి థ్రెడ్‌లాకర్ వేసి 20 ఫుట్-పౌండ్లు. డిగ్రీ వీల్, డయల్ గేజ్ దొరికితే ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (టీడీసీ దాటాక ఎన్ని డిగ్రీలకి ఇన్‌టేక్ లోబ్ మొన వస్తుందో) కార్డు మీద ఉన్నట్టే ఉందో లేదో కొలవండి. 256, 262 రెండింటికీ అది 106 డిగ్రీలు. రెండు డిగ్రీల తేడా పట్టించుకోనక్కర్లేదు, అంతకు మించితే టైమింగ్ సెట్‌లో క్రాంక్ గేరుకి ఉన్న వేరే కీవేలోకి (గాడిలోకి) మార్చండి.

మానిఫోల్డ్ మూసేలోపు ఒక పరీక్ష చేయండి, దయచేసి దీన్ని వదిలేయకండి. కొత్త లిఫ్టర్లు, పుష్‌రాడ్లు, రాకర్లు వదులుగా అమర్చి, ప్రతి లిఫ్టర్ తలమీదా మార్కర్‌తో ఒక గీత గీసి, క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పండి. ప్రతి గీతా కొద్దికొద్దిగా పక్కకి జరగాలి. జరగనిది ఏదైనా ఉంటే ఆ లిఫ్టర్‌ని తీసి గుంట శుభ్రం చేయండి, వేరే లిఫ్టర్ పెట్టి చూడండి. ఈ ఒక్క పదినిమిషాల పని మీ క్యామ్‌ని కాపాడుతుంది.

మూయడం, వాల్వులు సెట్ చేయడం

టైమింగ్ కవర్‌కి కొత్త క్రాంక్ సీలు, మూలల్లో ఆర్టీవీ చుక్క. బ్యాలెన్సర్‌ని సుత్తితో కొట్టి ఎక్కించకండి, ఇన్‌స్టాలర్‌తో లాగండి, బోల్టుకి 60 ఫుట్-పౌండ్లు. ఇన్‌టేక్ గాస్కెట్ కిట్‌లో ముందూ వెనకా పెట్టడానికి రబ్బరో కార్కో సీళ్లు ఇస్తారు, అవి జారిపోయి ఆయిల్ కారుతుంది. వాటిని పక్కన పడేసి ఆ గోడల మీద పావు అంగుళం మందాన ఆర్టీవీ గీత వేయండి. బోల్టులు మధ్యనుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, ఇనప మానిఫోల్డ్ అయితే 30 ఫుట్-పౌండ్లు.

వాల్వుల సెట్టింగ్ మానిఫోల్డ్ బిగించకముందే చేసుకోవచ్చు, లిఫ్టర్లు కళ్లెదుట ఉంటాయి కాబట్టి సులువు. ఒక సిలిండర్ తీసుకోండి. క్రాంక్ తిప్పుతుంటే ఎగ్జాస్ట్ లిఫ్టర్ లేవడం మొదలైందనగానే ఆపి ఇన్‌టేక్ రాకర్ సెట్ చేయండి. మళ్లీ తిప్పండి, ఇన్‌టేక్ పూర్తిగా లేచి తిరిగి దాదాపు కిందికి వచ్చాక ఎగ్జాస్ట్ సెట్ చేయండి. సెట్ చేయడమంటే, 5/8 సాకెట్‌తో నట్ బిగిస్తూ రెండు వేళ్లతో పుష్‌రాడ్‌ని పైకీ కిందికీ ఆడించండి. ఆ ఆట పోయిన క్షణమే సున్నా. అక్కడినుంచి అర చుట్టు. పుష్‌రాడ్‌ని వేళ్లతో గుండ్రంగా తిప్పి చూసే పద్ధతి చాలామంది చెబుతారు కానీ కొత్త లిఫ్టర్ లోపలి స్ప్రింగ్ మెత్తగా ఉంటుంది, తిరగడం కష్టమైందని మీకు అనిపించేసరికే సున్నా దాటిపోయి ఉంటుంది.

ఆయిల్ పైకి ఎక్కించడం

కొత్త ఫిల్టర్, బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి. ఈ ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ కలిసిన జడ్‌డీడీపీ ఎక్కువ ఉంటుంది, లోబ్‌కీ లిఫ్టర్‌కీ మధ్య రాపిడిని కాచేది అదే. ఇప్పటి కార్లలో పోసే 5డబ్ల్యూ-30 ఆయిళ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఫాస్ఫరస్‌ని 800 పీపీఎంకి పరిమితం చేశారు. రోలర్ క్యాములున్న ఇంజన్లకి అది సరిపోతుంది, ఈ రకానికి చాలదు. సింథటిక్ కూడా ఇప్పుడే వద్దు.

డిస్ట్రిబ్యూటర్ రంధ్రంలో ప్రైమింగ్ టూల్ దించి డ్రిల్‌తో గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి. టూల్‌కి మధ్యలో గుండ్రని కాలర్ ఉన్నది కొనండి, ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ ఒళ్లే ఒకవైపు ఆయిల్ దారిని మూసి ఉంచుతుంది. కాలర్ లేని రాడ్డుతో తిప్పితే ఆయిల్ అక్కడే పొంగి పోతుంది, అటువైపు రాకర్లకి అందదు. కొద్ది క్షణాల్లో డ్రిల్ బరువెక్కి మూలుగుతుంది, ప్రెజర్ గేజ్ లేస్తుంది. ఎవరినైనా క్రాంక్‌ని పావు చుట్టు చొప్పున తిప్పమని, పదహారు పుష్‌రాడ్ల మీదినుంచీ ఆయిల్ ఊరేదాకా ఆపకండి.

తర్వాత ఒకటో సిలిండర్‌ని టీడీసీకి తెచ్చి డిస్ట్రిబ్యూటర్ దించండి. అడుగుదాకా కూర్చోకపోతే ఆయిల్ పంప్ షాఫ్ట్ గాడి కలవలేదన్నమాట, పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో షాఫ్ట్‌ని తిప్పి మళ్లీ ప్రయత్నించండి, క్లాంప్ బిగించి కిందికి నొక్కకండి. వైర్లు 1-8-4-3-6-5-7-2 వరసలో.

మొదటి ఇరవై నిమిషాలు

ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ బతుకంతా ఇక్కడే తేలుతుంది. లోబ్‌లకి ఆయిల్ పంపు నుంచి నేరుగా దారి లేదు, క్రాంక్ తిరుగుతూ చిమ్మే ఆయిల్ మీదే అవి బతుకుతాయి. ఐడిల్‌లో క్రాంక్ చిమ్మేది తక్కువ, పైగా లోబ్ మొన మీద స్ప్రింగ్ ఒత్తిడి అప్పుడే ఎక్కువ. అందుకే ఇంజన్ అంటుకున్న క్షణం నుంచే 2000 పైన ఉండాలి. రెండు స్ప్రింగుల సెట్ కొన్నవాళ్లు ఈ ఇరవై నిమిషాలకి లోపలి స్ప్రింగులు తీసేసి నడపడం మంచిది, ఒత్తిడి తగ్గుతుంది.

స్టార్ట్ చేసేలోపు అన్నీ సిద్ధంగా ఉంచుకోండి. కార్బ్యురేటర్ బౌల్‌లో వెంట్ గొట్టంలోంచి పెట్రోలు పోసి నింపండి, పెట్రోలు కోసం స్టార్టర్ మీద పదేపదే తిప్పుతూ ఉంటే పేస్టు అంతా తుడుచుకుపోతుంది. టైమింగ్ దాదాపు సరిగ్గా పెట్టుకోండి, మొదటి తాళానికే అంటుకోవాలి. రేడియేటర్ నిండుగా ఉండాలి, దాని ముందు పెద్ద ఫ్యాన్ పెట్టండి. అగ్నిమాపక సిలిండర్ దగ్గర ఉంచుకోండి, గ్యారేజీ తలుపు తెరిచి ఉంచడం కాదు, బండినే బయటికి తోసి పెట్టండి. ఇంకో మనిషి తప్పనిసరి. ఒకరు థ్రాటిల్ దగ్గర, ఒకరు లీకులు చూడ్డానికి.

అంటుకోగానే 2000-2500 మధ్యకి తీసుకెళ్లి, ఆ రెండింటి మధ్య నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఇరవై నుంచి ముప్పై నిమిషాలు నడపండి. ఒకే స్పీడులో ఉంచకండి, ఆయిల్ చిమ్మే తీరు మారుతూ ఉంటేనే అన్ని లోబ్‌లూ తడుస్తాయి. ఆయిల్ ప్రెజర్, వేడి, ఈ రెండు ముళ్ల మీదే కళ్లు ఉండాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కాలుతుంటే టైమింగ్ బాగా వెనకబడి ఉంది, డిస్ట్రిబ్యూటర్‌ని కొద్దిగా ముందుకు తిప్పండి. కూలెంట్ బుస్సుమంటున్నా, ఎక్కడైనా పెట్రోలు కారుతున్నా ఐడిల్‌కి దించకండి, పూర్తిగా ఆపేయండి. బాగుచేసి మళ్లీ నేరుగా 2000కి వెళ్లి మిగిలిన సమయం పూర్తి చేయండి. పొరుగువాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి, అరగంటసేపు ఆ శబ్దం సబ్‌డివిజన్ అంతా వినిపిస్తుంది.

తర్వాత

చల్లారాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. పాత ఫిల్టర్‌ని కోసి, లోపలి కాగితాన్ని విప్పి ఎండలో పరచి చూడండి. మాలీ పేస్టు బూడిదరంగు మరక కనిపిస్తుంది, అది మామూలే. వెండి తునకలు మెరుస్తుంటే, అయస్కాంతానికి అంటుకుంటుంటే, ఒక లోబ్ పోతోందన్నమాట, ఇక నడపకుండా వాల్వ్ కవర్ తీసి ఏ రాకర్ తక్కువ లేస్తోందో వెతకండి. లోపలి స్ప్రింగులు తీసినవాళ్లు ఇప్పుడు తిరిగి పెట్టేయండి.

టైమింగ్ లైట్‌తో, వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూసి, ఐడిల్‌లో 10-12 డిగ్రీలు, 3000 దగ్గర మొత్తం 34-36 వచ్చేలా పెట్టండి. ఐడిల్‌లో వాక్యూమ్ గేజ్ పెడితే 256 లాంటి క్యామ్‌తో 15 అంగుళాల పైనే నిలవాలి, ముల్లు వణుకుతుంటే ఏదో ఒక రాకర్ ఎక్కువ బిగిసింది. కార్బ్యురేటర్ మిక్చర్ స్క్రూలని ఆ ముల్లు ఎక్కడ ఎత్తుగా నిలుస్తుందో అక్కడ ఆపండి. ఒకటి రెండు వేడి-చల్లారుల తర్వాత ఇన్‌టేక్ బోల్టులు మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి, 500 మైళ్లకి ఇంకోసారి ఆయిల్ మార్చి ఫిల్టర్ మళ్లీ కోసి చూడండి. ఆ తర్వాత నుంచి జింక్ ఎక్కువున్న ఆయిలే వాడుతూ ఉండండి, ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి అది ఒకసారితో అయిపోయే అవసరం కాదు.